మన ఓటుకు ఎక్కడ విలువ ఉంది? బ్లాక్‌చెయిన్ సామాజిక వేదికల పోలిక, ఎంపిక

పర్లాకిమిడిలో మా పొదుపు పరపతి సంఘం సర్వసభ్య సమావేశం జరిగిన ప్రతిసారీ చేతులు లెక్కపెట్టే పని కార్యదర్శిగా నాదే. మొదటి వరుసలో 200 షేర్లున్న బియ్యం వ్యాపారి కూర్చుంటారు, చివరి వరుసలో ఒకే ఒక్క షేరుతో సభ్యురాలైన కుట్టుపని చేసుకునే అమ్మ కూర్చుంటుంది. తీర్మానం చదివాక ఇద్దరూ చెరొక చెయ్యి ఎత్తుతారు, నేను రెండు అని రాసుకుంటాను. డివిడెండు పంచేటప్పుడు మాత్రం షేర్ల రిజిస్టరు తీస్తాను, అక్కడ ఆయనకు 200 పాళ్లు, ఆమెకు ఒక పాలు. డబ్బుకు ఒక లెక్క, మాటకు వేరొక లెక్క. సభ్యుడికి ఒకే ఓటు అన్న పద్ధతిని 1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేల్ నేతపనివారు తమ సహకార దుకాణానికి పెట్టుకున్నారు. మన దేశంలో 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చాక అలాంటి సంఘాలు ఊరూరా పుట్టాయి.

నిరుడు వేసవిలో మా మేనల్లుడు ఫోను పట్టుకొని వచ్చి, "మావయ్యా, నీకు షేర్ల లెక్క తెలుసు కదా, ఇదేమిటో చూసి చెప్పు" అన్నాడు. బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఎవరో ఒక్కరి దగ్గర కాక చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి ఖాతా పుస్తకం మీద, నడిచే ఒక సామాజిక వేదికలో వాడు మహేంద్రతనయ ఒడ్డు పల్లెల పెళ్లిపాటల మీద వారం రోజులు కష్టపడి ఒక వ్యాసం రాశాడు. దానికి 43 మంది ఓటు వేశారు, అయినా దాని కింద చూపిస్తున్న మొత్తం, అంటే ఆ ఓట్లను బట్టి వచ్చే సొమ్ము, రూపాయికి కూడా చేరలేదు. అదే తెరను కాస్త కిందికి జరిపితే ఎవరిదో సూర్యాస్తమయం ఫొటో ఉంది. దానికి రెండే రెండు ఓట్లు పడ్డాయి, మొత్తం మాత్రం కొన్ని వందల రూపాయలు ఉంది. వాడు మోసం జరిగిందనుకున్నాడు. మోసమేమీ జరగలేదు, ఆ వేదిక తన నియమాల ప్రకారమే లెక్క కట్టింది. అక్కడ ఓటంటే ఎత్తిన చెయ్యి కాదు, రిజిస్టరులోని షేరు.

వాడి వెనుక పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్లకు చెందిన సుమారు నలభై మంది తెలుగు రచయితలు, పాఠకులు ఉన్నారు, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మహారాష్ట్ర వైపునున్న సిరోంచ నుంచి కూడా ఒకరిద్దరు ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం తెలుగు జిల్లాల వైపే ఉండిపోయింది. అప్పటి నుంచి మా పిల్లలు బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరే అయినా ఇవాళ ఇక్కడ తెలుగులో రాసినవారికి అచ్చుకు దారి తక్కువ, అందుకే ఎవరి దయా లేకుండా రాసుకొని, వీలైతే నాలుగు డబ్బులు కూడా సంపాదించుకోగల చోటు ఉందంటే వాళ్లకు ఆశ కలగడం సహజం. ఏ వేదికకు వెళ్లాలో తేల్చుకోవడానికి వాళ్ల కోసం నేను కొన్ని నెలల పాటు చదివి, చూసి, లెక్కవేసి రాసుకున్నది ఇది. మాలాగే చిన్న భాషా సమూహంగా ఉన్న ఇతరులకు కూడా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ఓటును డబ్బుతో ఎందుకు తూస్తారు

వేదికలను పోల్చే ముందు ఈ ఒక్క సంగతి అర్థం చేసుకోవాలి, లేకపోతే కోపం తప్ప ఇంకేమీ మిగలదు. మా సంఘంలో సభ్యుడికి ఒక ఓటు ఎలా సాధ్యమవుతోందంటే, సభ్యత్వం ఇచ్చేటప్పుడు రేషను కార్డు, ఆధార్ చూస్తాము, ఇద్దరు పాత సభ్యులు సంతకం పెడతారు, అంతకుమించి ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. బ్లాక్‌చెయిన్ వేదికలో ఖాతా ఉంటుంది గాని మనిషి కనిపించడు. ఒకే మనిషి ఒక రాత్రిలో వంద ఖాతాలు తెరవగలడు. ఖాతాకు ఒక ఓటు అని నియమం పెడితే ఆ మనిషికి వంద ఓట్లు వచ్చినట్టే. అందుకని ఈ వేదికలను కట్టినవారు ఓటును ఖాతాకు కాక ఆ ఖాతాలో వెంటనే అమ్ముకోకుండా తాళం వేసి ఉంచిన టోకెన్లకు, అంటే ఆ వేదిక సొంత డిజిటల్ నాణేలకు, ఇచ్చారు. వంద ఖాతాలుగా చీల్చినా, ఒకే ఖాతాలో ఉంచినా టోకెన్ల మొత్తం మారదు కాబట్టి దొంగ ఖాతాలతో లాభం ఉండదు. ఈ కారణం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను.

మధ్యేమార్గంగా వర్గమూలం లెక్కను కొందరు సూచిస్తారు. అంటే 100 టోకెన్లున్నవాడికి 10 ఓట్లు, ఒక టోకెనున్నవాడికి ఒక ఓటు. కాగితం మీద ఇది ధనిక, పేద తేడాను బాగా తగ్గిస్తుంది. కాని ఆ 100 టోకెన్లవాడే వాటిని వంద ఖాతాలకు ఒక్కొక్కటి చొప్పున పంచుకుంటే అతనికి 10కి బదులు 100 ఓట్లు వస్తాయి. మనిషిని గుర్తుపట్టే ఏర్పాటు లేనిచోట ఈ లెక్క నిలబడదు. కాబట్టి వర్గమూలం ఓటింగు ఉందని చెప్పుకునే ఏ వేదికనైనా చూసినప్పుడు, మనిషిని మనిషిగా ఎలా గుర్తిస్తున్నారన్నది ముందు అడగాలి.

స్టీమ్: తేడా ఎలా పెరిగిందో కళ్లకు కట్టే చోటు

ఈ రకం వేదికల్లో అన్నిటికంటే ఎక్కువగా నేర్పేది స్టీమ్ చరిత్రే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ కలిసి మొదలుపెట్టిన స్టీమ్ బ్లాక్‌చెయిన్ 2016 మార్చిలో నడవడం ఆరంభించింది, రచయితలకు తొలి చెల్లింపులు ఆ ఏడాది జులై 4న జరిగాయి. ప్రతిరోజూ కొత్త టోకెన్లు పుడతాయి, వాటిలో పెద్ద భాగం ఒక ఉమ్మడి నిధిలో పడుతుంది, ఆ నిధిని రచనలకు పడిన ఓట్ల బరువును బట్టి పంచుతారు. ఓటు బరువు మన ఖాతాలో స్టీమ్ పవర్ రూపంలో తాళం పడి ఉన్న టోకెన్లను బట్టి ఉంటుంది. పూర్తి బలంతో ఒక ఓటు వేస్తే ఓటు శక్తిలో సుమారు 2 శాతం ఖర్చవుతుంది, రోజుకు 20 శాతం చొప్పున మళ్లీ నిండుతుంది. అంటే శక్తిని వృథా చేయకుండా వాడుకోవాలంటే రోజుకు సుమారు 10 పూర్తి ఓట్లు, ఏడాది పొడుగునా, వేస్తూనే ఉండాలి.

మొదట్లో నిధిని పంచిన తీరు చాలా కఠినమైనది. ఒక రచనకు పడిన ఓట్ల మొత్తం బరువును వర్గం చేసి దాని ప్రకారం పంచేవారు. ఒక రచనకు 10 పాళ్ల బరువు, ఇంకొకదానికి ఒక పాలు బరువు పడితే, పంపకం 10కి 1 కాదు, 100కి 1. పెద్ద పెట్టుబడిదారు ముట్టుకున్న రచనకు పంట పండేది, చిన్నవాళ్ల ఓట్లు మాత్రమే పడిన రచన ఎండిపోయేది. 2017 జూన్‌లో వచ్చిన 19వ హార్డ్‌ఫోర్క్‌తో, అంటే వేదిక నియమాలనే మార్చే పెద్ద మార్పుతో, దీన్ని సవరించి, బరువుకు తగ్గట్టు సూటిగా పంచే పద్ధతి తెచ్చారు.

సూటి పద్ధతి వచ్చాక తేడా తగ్గాలి కదా అని మా మేనల్లుడు అడిగాడు. కాగితం మీద వేసి చూపించాను. వెయ్యి పాళ్లున్న ఒక పెద్ద, పది పాళ్లున్న ఒక చిన్న ఉన్నారనుకుందాం. ఇద్దరూ తమ ఓట్లన్నీ తమ రచనలకే వేసుకుంటే, కొత్త టోకెన్లు 100కి 1 చొప్పున వస్తాయి, మొదట ఉన్న నిష్పత్తి అలాగే ఉంటుంది. పెద్ద తనకే వేసుకొని, చిన్న మాత్రం నచ్చిన ఇతరుల రచనలకు వేస్తే తేడా పెరుగుతుంది. చిన్నవాడు కూలి పనికో, పొలానికో వెళ్లి వారం రోజులు ఓటే వేయకపోతే, కొత్తగా పుట్టే టోకెన్ల వల్ల అతని వాటా విలువ తరుగుతుంది. అంటే సూటి పంపకం తేడాను తనంతట తాను పెంచదు, కాని తగ్గనివ్వదు కూడా. మొదటి రోజున ఎవరి దగ్గర ఎంత ఉందన్నదే చివరిదాకా వెంటాడుతుంది. స్టీమ్‌లో ఆ మొదటి రోజున వేదికను కట్టిన స్టీమిట్ సంస్థ దగ్గరే చాలా పెద్ద వాటా ఉంది, ఎందుకంటే బయటివారికి సంగతి తెలియకముందే వాళ్లు టోకెన్లను మైనింగ్ చేసి, అంటే కంప్యూటర్లతో కొత్తవి పుట్టించి, పోగుచేసుకున్నారు.

ఓట్లకు బరువు ఉన్నప్పుడు వాటికి అంగడి కూడా పుడుతుంది. కొంత సొమ్ము పంపితే మీ రచనకు ఓటు వేసే బాట్‌లు, అంటే తమంతట తామే నడిచే ప్రోగ్రాములు, స్టీమ్‌లో విరివిగా నడిచాయి. చదివి ఓటు వేయడం కంటే ఓటును అద్దెకివ్వడమే లాభసాటి అయిపోయింది. దీన్ని అరికట్టడానికి 2019 ఆగస్టులో 21వ హార్డ్‌ఫోర్క్‌తో, అంతకుముందు రచయితకు 75, ఓటర్లకు 25 శాతంగా ఉన్న పంపకాన్ని సగం సగం చేశారు, రచన సంపాదనను తగ్గించే వ్యతిరేక ఓటు వేయడానికి ప్రత్యేక శక్తిని కేటాయించారు. ఇతరుల మంచి రచనలకు ఓటు వేసినా ఆదాయం వస్తుంది కాబట్టి స్వార్థపు ఓట్లు తగ్గుతాయని వాళ్ల ఆలోచన. అదే సమయంలో, ఓటు వేసినవాళ్లకు వచ్చే సగం కూడా ఓటు బరువును బట్టే వస్తుంది కాబట్టి రచయిత చేతి నుంచి కొంత సొమ్ము పెట్టుబడి ఉన్నవాళ్ల చేతికి మారింది. నా అంచనాలో ఇది చిన్న రచయితకు మేలు కంటే కీడే ఎక్కువ చేసింది, అయితే ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు కూడా ఉండవచ్చు.

వేదికను నడిపేవాళ్లను ఎవరు ఎన్నుకుంటారు

రచనలకు పడే ఓట్లు ఒక ఎత్తు, వేదిక నియమాలను మార్చగల విట్‌నెస్‌లను ఎన్నుకునే ఓట్లు ఇంకొక ఎత్తు. స్టీమ్‌లోనూ, దాని నుంచి పుట్టిన హైవ్‌లోనూ ఎక్కువ ఓటు బరువు వచ్చిన 20 మంది, వారితో పాటు వంతులవారీగా మారే ఇంకొకరు కలిసి బ్లాకులు, అంటే ఆ ఉమ్మడి ఖాతా పుస్తకంలో చేరే కొత్త పుటలు, తయారుచేస్తారు. పెద్ద మార్పులకు వారిలో 17 మంది ఒప్పుకోవాలి. ఒక్కొక్క ఖాతా 30 మంది విట్‌నెస్‌లకు ఓటు వేయవచ్చు, ప్రతి ఓటుకూ తన పూర్తి బరువు పడుతుంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది: కుర్చీలు 20, ఓట్లు 30. అంటే అందరికంటే పెద్ద బరువున్న ఒక్కరు లేదా ఒక్క కూటమి 20 కుర్చీలనూ తన మనుషులతో నింపగలదు, 49 శాతం బరువున్న రెండో పక్షానికి ఒక్క కుర్చీ కూడా దక్కకపోవచ్చు. మా సంఘంలో పాలకవర్గానికి ఎన్నికలు ఇలా జరిపితే వచ్చే ఏడాది సగం మంది సభ్యులు సంఘం వదిలి వెళ్లిపోతారు.

2020లో ఇది ఊహ కాదని తేలింది. ఆ ఫిబ్రవరిలో ట్రాన్ అనే ఇంకొక బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ సంస్థను కొన్నారు, దానితో పాటు ఆ పెద్ద వాటా కూడా ఆయన చేతికి వచ్చింది. పాత విట్‌నెస్‌లు ఆ వాటా ఓటు వేయకుండా తాత్కాలికంగా బిగించారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనిక్స్ ఎక్స్‌చేంజీలలో (టోకెన్లు కొని అమ్మే చోట్లలో) ఖాతాదారులు దాచుకున్న టోకెన్లతో కూడా ఓట్లు పడి, విట్‌నెస్ కుర్చీలన్నీ ఒక్కసారిగా సన్ పక్షం చేతికి మారాయి. ఎక్స్‌చేంజీలలో డబ్బు దాచుకున్నవాళ్లు ఎవరికీ ఓటు వేయలేదు, వాళ్ల పేరు మీద ఓటు పడింది. తర్వాత బైనాన్స్, హువోబీ తమ ఓట్లను వెనక్కి తీసుకున్నా, సమాజంలో పెద్ద భాగం 2020 మార్చి 20న విడిపోయి హైవ్ అన్న కొత్త గొలుసును (బ్లాక్‌చెయిన్‌ను) మొదలుపెట్టింది. ఆ మే నెలలో స్టీమ్ వైపు ఒక హార్డ్‌ఫోర్క్ కొందరి ఖాతాల్లోని సుమారు 2.36 కోట్ల టోకెన్లను వేరే ఖాతాకు మళ్లించింది. ఖాతాను తెరిచే రహస్య తాళంచెవి మన దగ్గరే ఉన్నా, నియమాలు రాసేవాళ్ల మీద మనకు పట్టు లేకపోతే అది చాలదని ఆ సంఘటన చూపించింది.

హైవ్, బ్లర్ట్: అదే విత్తనం, వేరే నేల

హైవ్ పుట్టినప్పుడు స్టీమ్‌లోని నిల్వలనే నకలు చేసుకుంది, స్టీమిట్ సంస్థ పెద్ద వాటాను మాత్రం వదిలేసింది. అందువల్ల అన్నిటికంటే పెద్ద అసమానత ఒక్క వేటుతో పోయింది, మిగిలిన పెద్దల పెద్దరికం అలాగే కొత్త ఇంటికి వచ్చింది. ఎక్స్‌చేంజీల దెబ్బను గుర్తుపెట్టుకొని, కొత్తగా తాళం వేసిన టోకెన్లకు 30 రోజుల తర్వాత గాని విట్‌నెస్ ఎన్నికల్లో ఓటు రాకుండా నియమం పెట్టారు. ఇది నాకు నచ్చిన మార్పు. మా సంఘంలో కూడా ఎన్నికల ముందు రోజు షేరు కొన్నవారిని ఓటు వేయనివ్వం.

హైవ్‌లో తాళం తీసి టోకెన్లను బయటికి తెచ్చుకోవాలంటే 13 వారాలు, వారానికి ఒక వాయిదా చొప్పున వస్తాయి. స్టీమ్ తొలినాళ్లలో దీనికి 104 వారాలు పట్టేది. ధర పడిపోతున్నప్పుడు ఈ 13 వారాలు కూడా చాలా పొడుగని గుర్తుంచుకోవాలి. రచనకు ఏడు రోజుల తర్వాత లెక్క ముగుస్తుంది, అప్పటికి మొత్తం 0.02 డాలరుకు చేరకపోతే ఏమీ రాదు. చిన్న ఖాతాల వాళ్లు కొందరు ఓటు వేసినా ఈ గడప దాటకపోవడం సాధారణంగా జరిగేదే.

ఇక్కడ మాలాంటి సమూహానికి ఒక దారి ఉంది. హైవ్‌లో ఓటు బరువును అమ్మకుండానే ఇంకొక ఖాతాకు అప్పగించవచ్చు, దాన్ని డెలిగేషన్ అంటారు. నలభై మంది తమ బరువును ఒక ఉమ్మడి ఖాతాకు అప్పగిస్తే, ఆ ఖాతా వేసే ఓటు గడప దాటే అవకాశం పెరుగుతుంది. ఒక్కొక్కరికి 100 పాళ్లున్నా మొత్తం 4,000 పాళ్లే అవుతుంది, 10 లక్షల పాళ్లున్న ఒక పెద్ద ఖాతా మాలాంటి 250 సమూహాలకు సమానం. అయినా మన రచనలకు మనమే సరిగా వేసుకోవడానికి ఆ 4,000 పనికొస్తుంది. ఉమ్మడి ఖాతా ఎవరి చేతిలో ఉండాలి, ఏ రచనకు ఓటు వేయాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది మాత్రం గొలుసు తేల్చదు, మనం కూర్చొని కాగితం మీద రాసుకోవాలి. మేము సభ్యుడికి ఒక ఓటు అన్న పద్ధతిలోనే వారానికి మూడు రచనలు ఎంచుకోవాలని అనుకున్నాము.

2020 జులైలో స్టీమ్ నుంచి చీలిన బ్లర్ట్‌లో వ్యతిరేక ఓటు లేదు. పెద్ద ఖాతా కోపం వచ్చి చిన్న రచయిత సంపాదనను సున్నా చేసే ప్రమాదం అక్కడ ఉండదు, అదే సమయంలో పెద్ద ఖాతా తన రచనలకే ఓట్లు గుద్దుకుంటున్నా ఆపడానికి సాధనం ఉండదు. భయపడి నోరు మూసుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఇది కాస్త ఊరట, డబ్బు తేడాకు మాత్రం మందు కాదు.

ఫ్రెండ్ టెక్ తరహా: పలుకుబడిని ధరగా మార్చే చోట్లు

2023 ఆగస్టులో బేస్ అనే గొలుసు మీద మొదలైన ఫ్రెండ్ టెక్‌లో ఓటే లేదు. ఒక మనిషితో మాట్లాడే గదికి తాళంచెవులు అమ్మేవారు, అప్పటికి అమ్ముడైన తాళంచెవుల సంఖ్యను వర్గం చేసి 16,000తో భాగిస్తే వచ్చేది ఈథర్ అనే క్రిప్టో నాణెంలో తర్వాతి తాళంచెవి ధర. పది తాళంచెవులు అమ్ముడుపోయాక పదకొండోది 0.00625 ఈథర్, వంద అమ్ముడుపోయాక నూట ఒకటోది 0.625 ఈథర్. పది రెట్లు మంది చేరితే ధర వంద రెట్లు. ముందు వచ్చినవాడు లాభపడాలంటే తర్వాత వచ్చినవాడు ఎక్కువ కట్టాల్సిందే, చివరికి మిగిలినవాడు నష్టపోవాల్సిందే. కొన్నా, అమ్మినా 10 శాతం రుసుములకు పోయేది. 2024 సెప్టెంబరు నాటికి నడిపినవాళ్లు ఆ వేదికను నడిపే ప్రోగ్రాముల మీద తమ అధికారాన్ని వదిలేసి పక్కకు తప్పుకున్నారు. ఈ తరహా ఏ వేదికకూ మన పిల్లలు వెళ్లవద్దని నా గట్టి సలహా. ఇక్కడ రాసేవాడికి పాఠకులు దొరకరు, పందెం కాసేవాళ్లు దొరుకుతారు.

లెన్స్, ఫార్‌కాస్టర్: తేడా దాగి ఉండే చోట్లు

లెన్స్ అనే సామాజిక వేదిక 2022లో పాలిగాన్ అనే గొలుసు మీద మొదలైంది, ఫార్‌కాస్టర్ అనే ఇంకొకదాని ఖాతాల నమోదు ఆప్టిమిజం గొలుసు మీద ఉంటుంది. ఈ రెండింటిలోనూ మెచ్చుకోలుకు టోకెన్ల బరువు ఉండదు, ఒక లైక్ ఒక లైకే. మన ఖాతా, మనల్ని అనుసరించేవాళ్ల జాబితా ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా మనతోనే ఉండాలన్నది వీటి లక్ష్యం. ఈ కోణంలో స్టీమ్ కంటే మేలే. అసమానత ఇక్కడ వేరే రూపంలో వస్తుంది. తొందరగా చేరినవాళ్లకు అనుచరులు ఎక్కువ, వాళ్ల చుట్టూ టిప్పుగా ఇచ్చే టోకెన్లు, టోకెన్ల ఉచిత పంపిణీలు తిరుగుతాయి, ఏ రచన పైకి రావాలో మనం వాడే యాప్ నిర్ణయిస్తుంది. తెలుగు పాఠకులు అక్కడ నాకు చాలా తక్కువగా కనిపించారు. ఇంగ్లీషులో సాంకేతిక విషయాలు రాసే కుర్రవాళ్లు వెళితే వెళ్లవచ్చు, పెళ్లిపాటల వ్యాసానికి అది చోటు కాదు.

గొలుసు లేని ప్రత్యామ్నాయాలు

పోలిక న్యాయంగా ఉండాలంటే బ్లాక్‌చెయిన్ లేనివాటిని కూడా పక్కన పెట్టి చూడాలి. 2016లో అయ్‌గెన్ రోచ్‌కో మొదలుపెట్టిన మాస్టడాన్ అనే, ఎవరైనా సొంత సర్వరు (వేదికను నడిపే కంప్యూటరు) పెట్టుకోగల సామాజిక వేదికలో టోకెన్ లేదు, సంపాదన లేదు, డబ్బుతో కొనే బరువు లేదు. సర్వరు నడిపేవాడి చేతిలో మాత్రం పూర్తి అధికారం ఉంటుంది. అతనికి విసుగొచ్చి మూసేస్తానంటే, మూసేలోగా మన అనుచరులను ఇంకొక సర్వరుకు తీసుకెళ్లగలం గాని పాత రచనలు వెంట రావు. అయితే ఆ సర్వరును ఒక మనిషి కాక ఒక సంఘం నడిపితే, నెలకు కొంత చందా వేసుకొని, ఏటా లెక్కలు చదివి, చేతులెత్తి నియమాలు మార్చుకుంటే, మా పొదుపు సంఘం పద్ధతే అక్కడికి వస్తుంది. మనుషులు ఒకరికొకరు తెలిసిన చిన్న సమూహానికి మాత్రమే ఉన్న ఈ బలాన్ని ఏ టోకెనూ కొనలేదు.

నాస్టర్ అనే ఇంకొక పద్ధతి కూడా బ్లాక్‌చెయిన్ కాదు. రహస్య తాళంచెవుల జత ఒకటి ఉంటే చాలు, రాసినదాన్ని రిలేలు అనే సర్వర్లకు పంపవచ్చు. నచ్చినవాళ్లు లైట్నింగ్ అనే చెల్లింపుల వ్యవస్థ ద్వారా బిట్‌కాయిన్‌లో చిన్న మొత్తాలు పంపగలరు, దాన్ని జాప్ అంటారు. ఇచ్చేవాడు తన జేబులోంచి ఇస్తాడు, ఉమ్మడి నిధిలోంచి కాదు, కాబట్టి ఇంకొకరి సంపదను బట్టి మనకు వచ్చేది తగ్గదు. తాళంచెవి పోతే ఖాతా పోయినట్టే, తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

ఎవరికి ఏది

చదివేవాళ్లు కావాలి, సంపాదన ముఖ్యం కాదు అనుకునే సమూహానికి సంఘం నడిపే మాస్టడాన్ సర్వరే నా మొదటి సలహా. మా నలభై మందికి నేను చెప్పినది ఇదే. ఒంటరిగా రాసేవాళ్లకు, మధ్యలో ఎవరి అదుపూ వద్దనుకునేవాళ్లకు నాస్టర్. రాసినది గొలుసు మీద శాశ్వతంగా నిలవాలని, కొద్దిగానైనా ఆదాయం రావాలని కోరుకునేవాళ్లకు హైవ్, కాని రెండు షరతుల మీద. ఒకటి, ఓటు బరువు కోసం జేబులోంచి డబ్బు పెట్టి టోకెన్లు కొనవద్దు, రాయడం వల్ల వచ్చినదాన్ని మాత్రమే తాళం వేసుకోవాలి. రెండు, ఒంటరిగా కాక సమూహంగా, ఉమ్మడి ఖాతాతో వెళ్లాలి. శాశ్వతం అన్నమాట కూడా జాగ్రత్తగా ఆలోచించాలి. గొలుసు మీద పడిన రచనను దిద్దినా పాత రూపం అక్కడే ఉంటుంది, ఊళ్లో ఒకరి ఇంటి సంగతి రాసి మర్నాడు తీసేద్దామంటే కుదరదు.

ఏ వేదికలోనైనా చేరే ముందు పది నిమిషాలు వెచ్చించి ఒక పని చేయండి. పైన కనిపిస్తున్న ఏదో ఒక రచన కింద ఉన్న మొత్తం మీద నొక్కితే, ఎవరి ఓటుతో ఎంత వచ్చిందో చాలా వేదికల్లో జాబితా కనిపిస్తుంది. మొదటి ఇద్దరి మొత్తాన్ని కలిపి, మొత్తం సొమ్ములో అది ఎంత శాతమో చూడండి. అలాంటి ఐదు రచనలు చూస్తే, ఆ వేదికలో పెత్తనం ఎవరిదో మీకే తెలిసిపోతుంది. మా మేనల్లుడు సూర్యాస్తమయం ఫొటో కింద నొక్కినప్పుడు ఆ రెండు ఓట్లలో ఒకటి ఫొటో పెట్టినవాడిదేనని కనిపించింది. ఆ తర్వాత వాడికి నేను వేరే ఏమీ చెప్పాల్సి రాలేదు.

పన్ను సంగతి చాలామంది మరిచిపోతారు. మన దేశంలో క్రిప్టో టోకెన్లు అమ్మితే వచ్చే లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, దాని మీద సెస్సు ఉన్నాయి. 2022 జులై నుంచి అమ్మకాల మీద ఒక శాతం టీడీఎస్ కూడా ఉంది. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకొకదానిలో వచ్చిన లాభంతో సరిపెట్టుకోనివ్వరు. నెలకు వంద, రెండు వందల రూపాయలు వచ్చే రచయితకు ఈ లెక్కల భారమే ఆదాయం కంటే ఎక్కువ కావచ్చు.

హైవ్‌లో చేరేవాళ్లు తాళంచెవుల విషయంలో అజాగ్రత్తగా ఉండకూడదు. రోజూ రాయడానికి, ఓటు వేయడానికి పోస్టింగ్ కీ ఒక్కటే వాడాలి. డబ్బు కదిపే యాక్టివ్ కీని ఫోనులో ఉంచవద్దు, ఓనర్ కీని కాగితం మీద రాసి, ఇంట్లో దస్తావేజులు పెట్టే పెట్టెలో పెట్టాలి. మా నలభై మందిలో ఇద్దరు హైవ్‌కు వెళ్లాలనుకున్నారు, వాళ్ల ఓనర్ కీలు ఇప్పుడు మా సంఘం బీరువాలో, షేర్ల రిజిస్టరు పక్కన, అంటించిన కవర్లలో ఉన్నాయి. ఆ కవర్ల మీద అడ్డంగా వాళ్లే సంతకాలు పెట్టారు.